నీలిదీపం గారి గాజు గొట్టం

మా బావగారి గురించి రెండు పేజీలు రాసిమ్మని నీళ్ళ ఆఫీసు గుమాస్తా వచ్చి అడిగాడు. ఆయన రిటైరవుతున్నారట, ఆఫీసు వాళ్ళు చిన్న పుస్తకం వేస్తారట. ఒకే ఇంట్లో పదహారేళ్ళు, ఒకే ఆఫీసులో పదకొండేళ్ళు ఆయనతో ఉన్నదాన్ని కాబట్టి నాకంటే బాగా ఎవరు రాస్తారని అతని ఉద్దేశం. "నాలుగు మంచి మాటలు చాలమ్మా" అన్నాడు. నాలుగు నా దగ్గర లేవు. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. ఆయన పనికి ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. చేసిన తప్పు చివరికి తన నోటితోనే ఒప్పుకున్నారు, అదీ మనుషులు మంచాన పడ్డాక. మిగతాదంతా జరిగింది జరిగినట్టు రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే చించి పారెయ్యండి.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. కింద వాటాలో ఆయన, నేను అక్క అని పిలిచే మా తోడికోడలు. పైన ఒక గది, ఒక వంటగది మావి. వంటగది పేరుకే, వంట మాత్రం కిందే, అందరికీ కలిపి, ఒక వారం అక్క, ఒక వారం నేను. ఆయన అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. అందరికీ నీలిదీపం గారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన మెడ ఒక అంగుళం పొడుగయ్యేది.

ఉద్యోగంలో చేరకముందు ఆయన ట్యూబులైట్ల షాపులో పనిచేశారు. ఏ లైటు ఎన్నాళ్ళు బతుకుతుందో దాని గీ అనే మోత విని చెప్పేవారట. ఆ రోజుల్లో నీళ్ళల్లో మందు వాసన కొడుతోందని జనం గోల పెడితే, ఆఫీసు వాళ్ళు క్లోరిన్ మానేసి యూవీ దీపం పెట్టారు. దీపం చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. దీపాల సంగతి తెలిసిన మనిషని ఈయన్ని తీసుకున్నారు. అదే పొరపాటు. ట్యూబులైటు వెలిగితే పనిచేస్తున్నట్టు. యూవీ దీపం వెలిగినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. ఈ తేడా ఆయన తలకెక్కలేదు, ఎక్కించబోయిన వాళ్ళని దగ్గరికి రానివ్వలేదు.

ఆ గది చూడాలి. పది అడుగుల గది, తెల్ల సున్నం, నేల అద్దంలా తుడిచి ఉండేది. మధ్యలో మనిషంత పొడుగు స్టీలు పీపా అడ్డంగా పడుకుని ఉంటుంది. బావుల నుంచి వచ్చిన నీళ్ళు ఒక కొసన లోపలికి పోయి, రెండో కొసన బయటికొచ్చి, అక్కణ్ణుంచి నాలుగు వందల ఇళ్ళకు వెళతాయి. పీపా లోపల ఒకే ఒక పొడవాటి దీపం. దీపానికి తడి తగలకుండా దాని మీద, చూడ్డానికి గాజులాగే ఉండే క్వార్ట్జ్ గొట్టం తొడుగుతారు. గొట్టం చుట్టూ నీళ్ళు పారుతుంటాయి. దీపంలోంచి వచ్చే కంటికి కనబడని కిరణం గొట్టం దాటి నీళ్ళల్లో ఉన్న క్రిములకు తగలాలి. పీపా పక్కన బొత్తామంత కంత ఉంది, అందులోంచి చూస్తే నీలంగా వెలుగు కనిపిస్తుంది. కిరణం ఎంత జోరుగా ఉందో చూపించే మీటరు కూడా ఉంది గానీ, దాని ముల్లు ఒక చోట ఇరుక్కుపోయి రెండేళ్ళయింది. "మీటరెందుకు, నా కళ్ళు లేవా?" అని బావగారు దాని మీద తుడుపుగుడ్డ ఆరేసేవారు.

బడిపిల్లలు చూడ్డానికొస్తే ఆయన సరదా చూడాలి. "పురుగు చావదర్రా. దాని సంతానం ఆగిపోతుంది. పిల్లాజెల్లా లేని పురుగు మీ కడుపులోకి పోయి ఏం చేస్తుంది? తిన్నగా వచ్చిన దారినే పోతుంది" అనేవారు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. మాట అబద్ధం కాదు. అది ఆయన కనిపెట్టిన విద్యలాగా చెప్పడమే నాకు గిట్టేది కాదు.

ప్రతి సోమవారం ఒక గంట నీళ్ళ లైను ఆపి, తెల్ల గ్లౌజులు తొడుక్కుని, గొట్టాన్ని పీపాలోంచి బయటికి లాగి, వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచేవారు. నీళ్ళల్లో ఉండే ఉప్పుల వల్ల గొట్టం మీద తెల్లటి పొర కడుతుంది, పొర కడితే కిరణం దాటదు. ఆ గంటసేపు గది తలుపు లోపల గడియ. ఇంజనీరు వచ్చినా బయట నిలబడాల్సిందే.

ఇక నేను. పెళ్ళయిన అయిదేళ్ళకి అదే ఆఫీసు ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రోజూ రెండు సీసాల నీళ్ళు పట్టడం నా పని. దీపం ముందు కుళాయి నుంచి ఒకటి, దీపం తరవాత కుళాయి నుంచి ఒకటి. స్పిరిట్ దూది వెలిగించి కుళాయి మూతి కాల్చాలి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి, సీసా మూత లోపలి వైపు వేలు తగలకుండా పట్టుకోవాలి. ఆ నీళ్ళు ప్లేట్లలో పోసి ఒక రోజు వెచ్చగా ఉంచితే, క్రిములు బతికి ఉన్న చోటల్లా చుక్కలు మొలుస్తాయి. ముందు ప్లేటులో చుక్కలుండాలి, తరవాత ప్లేటు బోడిగా ఉండాలి. అంటే నా ఉద్యోగమే ఆయన ఉద్యోగాన్ని తనిఖీ చెయ్యడం. తమ్ముడి పెళ్ళాం తన దీపాన్ని తనిఖీ చేస్తుందా! చేరిన నెలలోనే తరవాత ప్లేటులో ఒకే ఒక్క చుక్క వచ్చిందని రాశాను. నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. కంచంలో పెరుగు కావాలన్నా అక్కని పిలిచి "పెరుగు వెయ్యమను" అనేవారు.

మా ఇంట్లో ఇంకో చట్టం ఉండేది. మంచినీళ్ళు కాచకూడదు. ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు చెప్పినా సరే. "నా దీపం కిందనుంచి వచ్చిన నీళ్ళు నా ఇంట్లోనే కాచుకుంటే ఊళ్ళో వాళ్ళేమనుకుంటారు?" ఇదీ ఆయన వాదం. కుళాయి కింద గ్లాసు పెట్టి, వచ్చిన చుట్టాలందరి ముందూ గటగటా తాగి చూపించేవారు. ఆ చట్టం మేమందరం పదహారేళ్ళూ పాటించాం. ఎవరికీ ఏమీ కాలేదు కూడా, అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు.

వానలు పట్టిన నెలలో బావగారి అమ్మాయి ఏడు నెలల పాపని తీసుకుని వచ్చింది. మేమంతా ఆ అమ్మాయిని అమ్మడు అంటాం. అమ్మడు నా చేతుల్లోనే పెరిగింది, వాళ్ళమ్మ దగ్గర చెప్పని మాటలు నా దగ్గర చెప్పేది. పాపకు పోతపాలు. రోజుకి ఆరు సీసాలు.

ఆ వారం లైను రెండు రోజులు ఆగింది. క్లీనింగు ఎక్కువుందని బావగారు చెప్పారు. పైన ట్యాంకులో నిలవున్న నీళ్ళు వదిలారు. బుధవారం సాయంత్రం మళ్ళీ దీపం వెలిగింది. గురువారం నేను సీసాలు పట్టాను. శుక్రవారం పొద్దున ప్లేట్లు తీసి చూశాను. ముందు ప్లేటులో ఎన్ని చుక్కలో తరవాత ప్లేటులోనూ అన్నే ఉన్నాయి. దీపం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

గబగబా వెళ్ళి బావగారికి చెప్పాను. కంతలోంచి చూడమన్నారు. చూశాను. వెలుగు మామూలుగానే ఉంది.

"చూశావుగా. ఇంక నీ సీసాలు కడుక్కో" అన్నారు.

ఆ సాయంత్రం పైన తలుపేసుకుని మా ఇద్దరికీ నీళ్ళు కాచాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "కింద వాళ్ళకీ ఓ మాట చెప్పకూడదూ?" అన్నాడు. "చెప్తే వింటారా మీ అన్నయ్య? ఇంకా రూఢి కాలేదు, రేపు మళ్ళీ చూస్తాను" అన్నాను. మా ఆయన ప్రెస్సులో పుస్తకాలు కుట్టే మనిషి. రెండో మాట అనడం ఆయనకి చేతకాదు.

శనివారం మళ్ళీ పట్టాను. ఆదివారం సెలవైనా వెళ్ళి చూశాను. మళ్ళీ అన్నే చుక్కలు. సోమవారం ఇంజనీరు ముందు నాలుగు ప్లేట్లూ పెట్టి, లైను ఆపమని, నీళ్ళు కాచుకోమని ఊళ్ళో చెప్పించమని అడిగాను. ఇంజనీరు బావగారిని పిలిపించాడు.

"పంతొమ్మిదేళ్ళు సార్. ఒక్క ఫిర్యాదు వచ్చిందా నా గది మీద?" అన్నారు బావగారు. "దీపం వెలుగుతోంది. గొట్టం తళతళలాడుతోంది. తేడా ఉంటే నీళ్ళు పట్టే చేతుల్లో ఉండాలి."

"నా చేతులకేమైంది బావగారూ?"

"అదే చూద్దామంటున్నానమ్మా. ఆ ప్లేటులో నీ వేళ్ళు అద్ది చూపించు."

ఆఫీసులో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. ఎవరి వేళ్ళు అద్దినా మొలుస్తాయండీ, కడిగిన చేతులైనా మొలుస్తాయి, మీవీ అద్దండి, సారువీ అద్దమనండి అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఇంజనీరుకు సిమెంటు తెలుసు, పైపులు తెలుసు, క్రిముల గురించి ఆయనకి తెలిసింది సున్నా. "చూద్దాం, తప్పేముంది" అన్నాడు. అందరి ముందూ అయిదు వేళ్ళూ అద్దాను. మంగళవారానికి అయిదు వేళ్ళ ముద్రలూ తెల్లగా మొలిచి కూర్చున్నాయి. ఆ ప్లేటు బల్లల మధ్య చేతులు మారింది. గుమాస్తా, అదే ఇప్పుడు నన్ను నాలుగు మంచి మాటలు అడిగినవాడు, దాన్ని చూసి ముక్కు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి నన్ను ల్యాబు బల్ల దగ్గర్నుంచి లేపి సీసాలు కడిగే తొట్టి దగ్గర పెట్టారు. నివేదిక పైకి పంపలేదు. పై ఆఫీసు నుంచి కొత్త మనిషి వచ్చి మళ్ళీ పరీక్షించేదాకా లైను నడవాలన్నారు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర బావగారు కంచం ముందుకి తోశారు. "ఈ వారం వంటెవరిది?"

"చెల్లెలిది" అంది అక్క.

"రేపట్నుంచి నువ్వే చెయ్యి. ప్లేటు నిండా మొలిచాయట ఆ వేళ్ళు."

"ఊరుకోండి, అన్నం ముందు ఆ మాటలేంటి?" అంది అక్క. కానీ మర్నాడు వంట ఆవిడే చేసింది. మా ఆయన కంచంలో ఏదో పారేసుకున్నట్టు అందులోకే చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి చెయ్యి కడుక్కుని పైకి వచ్చేశాను. కింద ఇక మాట్లాడకూడదని నోరు కుట్టేసుకున్నాను. నేను చెప్పింది ఎవరికీ అక్కర్లేనప్పుడు నాకేం దురద? ఈ మాట ఇప్పుడు కాదు, ఆ రోజే పైకి అన్నాను, మెట్ల మీద, ఒక్కదాన్నే.

బుధవారం పొద్దున ఆఫీసుకి దిగుతుంటే అమ్మడు పెరట్లో కుళాయి దగ్గర పాలసీసా పట్టుకుని ఉంది. చంకలో పాప. నన్ను చూసి నవ్వింది. "పిన్నీ, నా చేతులు శుభ్రమేలే. కావాలంటే నీ ప్లేటులో వేళ్ళద్దమంటావా?" దానికి ఎగతాళి చేయడం చిన్నప్పట్నుంచి అలవాటు, నాతో మరీను. వంటింట్లోంచి అక్క కూడా నవ్విన చప్పుడు వినిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పు సరిచేసుకుని వీధిలోకి నడిచాను. సీసాలో నీళ్ళు పడుతున్న శబ్దం గేటు దాకా వినిపించింది.

గురువారం పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. "పళ్ళొస్తున్నాయి, అంతే" అన్నారు బావగారు. సాయంత్రానికి కళ్ళు లోతుకి పోయాయి, ఏడ్చే ఓపిక పోయింది. ఆస్పత్రికి పరిగెత్తారు. అక్కడ అప్పటికే మా వీధుల వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. అయినా ఎవరికీ నీళ్ళ మీద అనుమానం రాలేదు. నీలిదీపం గారు తానే మనవరాలిని భుజాన వేసుకుని వరండాలో తిరుగుతుంటే, నీళ్ళని అనుమానించడం ఎవరివల్ల అవుతుంది?

శుక్రవారం గాజు పనివాడు ల్యాబుకి వచ్చాడు. మా పిప్పెట్లు విరిగితే అతికేదీ, టెస్టుట్యూబులు ఊదేదీ అతనే. నేను తొట్టి దగ్గర ఉండటం చూసి ఆశ్చర్యపోయి, తరవాత చేతిసంచిలోంచి ఒక ముక్క తీసి నా ముందు పెట్టాడు.

"మీ బావగారికి ఇచ్చెయ్యమ్మా. కొలతకి ఇచ్చారు, నా దగ్గరే ఉండిపోయింది. గొట్టం కుదిరిందా? అంత పొడుగుది ఎప్పుడూ చెయ్యలేదు, రెండు రోజులు పట్టింది."

"ఏ గొట్టం?"

"దీపం మీదిది. తుడుస్తుంటే చేతిలో పగిలిందట. కొత్తది రావాలంటే మూడు వారాలట కదా. ఈ ముక్కని నా మంటలో పెట్టి చూశానమ్మా, ఎర్రబడింది గానీ కరగనే లేదు. ఏం గాజో ఏమో."

అది గాజు కాదు నాయనా, క్వార్ట్జ్. మా ల్యాబులో బల్ల మీద చిన్న యూవీ దీపం ఉంటుంది. దాని కింద ప్లేటు పెట్టినప్పుడు గాజు మూత తీసే పెడతాం. మూత ఉంటే గంటసేపు పెట్టినా లోపలి క్రిమికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ల్యాబులో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం అది. బావగారు ఆ దీపానికి మామూలు గాజు గొట్టం తొడిగారు. కంటికి కనబడే నీలి వెలుగు గాజులోంచి బ్రహ్మాండంగా వస్తుంది. కనబడని కిరణం లోపలే ఆగిపోతుంది. తొమ్మిది రోజులుగా నాలుగు వందల ఇళ్ళు బావినీళ్ళు బావినీళ్ళలాగే తాగుతున్నాయి.

ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నీళ్ళు నమిలాడు. గాజు పనివాడి మాట మీద లైను ఎలా ఆపుతాం, రుజువు కావాలి అన్నాడు. రుజువుకి ఒక రోజు పడుతుందన్నాను. అయితే రేపు తీసుకురా అన్నాడు. మూడు ప్లేట్లలో బావినీళ్ళు పోశాను. ఒకటి మూత లేకుండా, ఒకటి ఆ విరిగిన క్వార్ట్జ్ ముక్క అడ్డం పెట్టి, ఒకటి మామూలు గాజు ముక్క అడ్డం పెట్టి, మూడూ యూవీ దీపం కింద ఉంచి, తీసి, వెచ్చగా పెట్టాను. అక్కణ్ణుంచి ఆస్పత్రికి వెళ్ళాను.

బావగారు వరండాలో బెంచీ మీద ఉన్నారు. లోపల పాప కాలికి సూది గుచ్చి సెలైను ఎక్కిస్తున్నారు. చేతిలో నరం దొరకలేదట.

"గొట్టం పగిలిందని ఎందుకు చెప్పలేదు మీరు?"

ఆయన తలెత్తి చూశారు. ఎలా తెలిసిందని కూడా అడగలేదు. "పగిలింది. మార్చాను. నా గది, నేను చూసుకుంటాను."

"గాజుది పెట్టారు."

"అద్దం అద్దమే. వెలుగు వస్తోంది. కంతలో నువ్వూ చూశావు."

"వెలుగు వస్తోంది బావగారూ. రావలసింది రావట్లేదు. కనబడని కిరణం, కనబడని కిరణం అని పంతొమ్మిదేళ్ళు బడిపిల్లలకి చెప్పారే, కనబడనిది వస్తోందని మీరు ఏ కంటితో చూశారు?"

"నీకిది పండగలా ఉంది కదూ?" అన్నారు. "పో ఇక్కణ్ణుంచి."

పండగ కాదు గానీ, అబద్ధం ఎందుకు, లోపల ఏదో చల్లబడింది. మెట్లు దిగుతుంటే నా నడకే మారింది.

శనివారం పొద్దున ఇంజనీరు బల్ల మీద మూడు ప్లేట్లూ పెట్టాను. బావగారు కూడా వచ్చారు, గడ్డం మాసి, ఆస్పత్రి వాసనతో. మూత లేనిది బోడి. క్వార్ట్జ్ అడ్డం పెట్టింది బోడి. గాజు అడ్డం పెట్టింది అంచుల దాకా చుక్కలు. ఇంజనీరు ఇంకా ప్లేట్లు తిప్పి చూస్తూనే ఉన్నాడు, బావగారికి ఒక్క చూపు చాలింది. ఆయన పనివాడే, అది కాదనను.

"గొట్టం నా చేతిలోనే పగిలింది సార్. గాజుది నేనే చేయించి పెట్టాను. ఆ అమ్మాయి చేతుల్లో ఏ తప్పూ లేదు" అన్నారు. నా వైపు చూడలేదు. క్షమించమని నాతో ఆ రోజూ అనలేదు, ఈ రోజుదాకా అనలేదు.

లైను ఆపారు. ఆఫీసు జీపుకి మైకు కట్టి నీళ్ళు కాచుకోమని చెప్పించారు. జనం నమ్మలేదు. నీలిదీపం గారు చెప్పారా అని అడిగారు. దాంతో ఆయనే ఇంటింటికీ తిరిగారు. ప్రతి గుమ్మంలో నిలబడి, "తప్పు నాదే, నీళ్ళు కాచుకోండి" అన్నారు. కొందరు తలుపు మొహాన వేశారు. జ్వరంతో పడున్న మొగుణ్ణి పెట్టుకుని ఒకావిడ చెంబెడు నీళ్ళు తెచ్చి ఆయన నెత్తిన కుమ్మరించింది. నేను వీధి చివర నిలబడి చూశాను. జాలి పడ్డానని రాస్తే మీ పుస్తకం అందంగా ఉంటుంది. నేను జాలి పడలేదు. చొక్కా పిండుకుని పక్క గుమ్మం ఎక్కుతున్న మనిషిని చూస్తూ, తలుపు తలుపుకీ లెక్క చెల్లుతోంది అనుకున్నాను.

మొత్తం ముప్పై ఒక్క మంది పడ్డారు. దేవుడి దయ, ఎవరూ పోలేదు. మూడు వారాలు పడుతుందన్న క్వార్ట్జ్ గొట్టం నాలుగో రోజుకే వచ్చింది. బావగారిని దీపం గదిలోంచి తీసి గేటు దగ్గర వేశారు. నన్ను మళ్ళీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "పోన్లేమ్మా, అందరం మనుషులమే" అన్నాడు ఇంజనీరు. అప్పట్నుంచి ఈ రిటైరయ్యే రోజుదాకా బావగారు వచ్చే బండి, పోయే బండి నంబర్లు రాసుకుంటూ గేటులో కూర్చున్నారు. పొద్దునా సాయంత్రం ఆయన ముందునుంచే నడిచివెళ్ళేదాన్ని. ఇద్దరం పలకరించుకోలేదు.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపితే నేను గెలిచినట్టే ఉంటుంది.

తొమ్మిదో రోజున పాపను ఇంటికి పంపుతామన్నారు. అమ్మడు అక్కణ్ణుంచే తిన్నగా అత్తవారింటికి వెళతానంది. అందరం ఆస్పత్రికి వెళ్ళాం. పాప సగమైపోయింది, బుగ్గలు పోయి కళ్ళే మిగిలాయి, కానీ చూపు నిలిపి చూస్తోంది. నీళ్ళు కాచి చల్లార్చినవే పట్టాలని డాక్టరు మళ్ళీ మళ్ళీ చెప్పి వెళ్ళాడు. నేను పాపవి సీసాలు, పాలడబ్బా, గుడ్డలు సంచిలో సర్ది పట్టుకున్నాను.

మా ఆయన ఎప్పుడూ మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు. పెళ్ళాన్ని నలుగురిలో నిలబెట్టాలని ఆయన ఆశ. "దారికి నీళ్ళు మా గిన్నెలోవే తెచ్చానమ్మడూ, భయం లేదు. ఆ మొదటి శుక్రవారం నుంచీ మీ పిన్ని కాచకుండా చుక్క ముట్టనివ్వలేదు నన్ను" అన్నాడు.

అమ్మడు పాప గుడ్డలు సరిచేస్తున్నదల్లా ఆగింది. "మొదటి శుక్రవారమా? పాపకి జబ్బు చేసింది తరవాత గురువారం."

మా ఆయన నా వైపు చూశాడు. ఏం అన్నాడో అప్పుడు అర్థమైంది ఆయనకి.

"బుధవారం నేను కుళాయి దగ్గర సీసా పడుతుంటే చూశావు కదా పిన్నీ" అంది అమ్మడు.

"మీ నాన్న కాచనిస్తారటే? నేను చెప్తే మీరు విన్నారా? వేళ్ళద్దమంటావా అని నువ్వే నవ్వావు..."

"నవ్వితే?"

బావగారు గోడకి ఆనుకుని నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నారు. ఆయన ఏదైనా అంటే బాగుండునని, ఒక్క దెప్పుడు మాట, ఒక్కటంటే ఒక్కటి అంటే తిరగబడొచ్చని ఎదురుచూశాను.

అమ్మడు గొంతు పెంచలేదు. "నాన్నకి తెలీదు పిన్నీ. నీకు తెలుసు" అంది.

పాపని తీసుకెళ్ళి బావగారి చేతుల్లో పెట్టింది. ఆయన అందుకున్నారు. తరవాత అమ్మడు నా చేతిలోని సంచి వైపు చూసింది.

"అది కింద పెట్టు" అంది.

పెట్టాను.